నల్ల వైరుకి ఎర్ర టేపు: ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కేసు

టెక్సస్‌లో డెంటన్ కౌంటీ వైపు మనవాళ్ళ ఇల్లు ఒకటి, ఎకరం స్థలం, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) గొడవ లేదు కాబట్టి బండి ఇంటి పక్కనే పెట్టుకున్నారు. బండి అంటే 2014 మోడల్ ట్రావెల్ ట్రైలర్, చక్రాల మీద చిన్న ఇల్లు లాంటిది, 26 అడుగులు, పికప్ వెనకాల తగిలించుకుని లాక్కెళ్ళే రకం. సెకండ్ హ్యాండ్‌లో 11,500 డాలర్లకి ఎవరో ప్రైవేట్ పార్టీ దగ్గర కొన్నారు. అమ్మాయి వాళ్ళ అమ్మానాన్న తెనాలి నించి వచ్చి ఉన్నారు, థాంక్స్‌గివింగ్‌కి అందర్నీ ఎక్కించుకుని అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్ వెళ్ళాలని ప్లాన్. నాకు ఫోన్ వచ్చేసరికి ఇంకా మూడు వారాలే ఉంది.

నేను చేసేది మొబైల్ ఆర్వీ రిపేరు, ఇలాంటి ఇల్లు బండ్లనే ఆర్వీ అంటారు, అంటే వ్యాన్‌లో సామాన్లు వేసుకుని బండి ఎక్కడుంటే అక్కడికి వెళ్ళి చూస్తా. ఏలూరు వైపు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి, చాలా ఏళ్ళు ఇళ్ళ వైరింగ్ చేసి ఇటొచ్చినవాణ్ణి. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో నేను రెండు గంటలు తప్పు దారిలో పోయాను, ఆ తప్పు చాలామంది చేసేదే.

ఫోన్‌లో అల్లుడుగారు చెప్పిన కంప్లయింట్లు ఇవి. కొన్న రోజు అన్నీ పనిచేశాయి గానీ, ఇంటికి తెచ్చిన రెండో రోజు నించి ఒక్కటీ సరిగ్గా లేదు. హీటర్ ఫ్యాన్ తిరుగుతుంది గానీ చల్లగాలే వస్తుంది. ఫ్రిజ్ కాసేపు వెలిగి ఎర్రలైట్ వేసి ఆగిపోతుంది. వేడినీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. రాత్రిపూట ఎవరూ కొళాయి తిప్పకపోయినా పంపు దానంతట అదే టకటకమని కొట్టుకుని ఆగుతుంది, ఆయన అత్తగారు దెయ్యం అంటున్నారు. స్టవ్ మంట దీపంలా ఉంది. అప్పటికే ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళారంట, వాళ్ళు బండి లైన్లో పెట్టి మూడు రోజుల తర్వాత చూసి ఫర్నేస్, అంటే ఆ గాలి హీటరు, పోయింది, ఫ్రిజ్ పోయింది, రెండూ మార్చాలి, కూలీతో కలిపి 4,300 డాలర్లు అని కాగితం ఇచ్చారు. బండి కొన్నదే 11,500కి, ఆయన గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

వెళ్ళగానే నేను ఎప్పుడూ ముందు చేసేది బండి ఎక్కడం కాదు, గోడకున్న 30 ఆంప్ ప్లగ్‌లో మీటర్ పెట్టడం. ఇది కాస్త పక్కదారి గానీ చెప్పాలి. ఆర్వీ 30 ఆంప్ ప్లగ్‌లో ఉండాల్సింది 120 వోల్టులు, మూడు వైర్లు: ఒక ఫేజు, న్యూట్రల్, ఎర్త్. ఇళ్ళ పనే చేసే ఎలక్ట్రీషియన్లు కొందరు 30 ఆంప్ మూడు పిన్నులు అనగానే బట్టలారబెట్టే డ్రయర్ ప్లగ్ అనుకుని 240 ఇచ్చేస్తారు. బండి ప్లగ్ పెట్టిన క్షణంలో బ్యాటరీ నింపే కన్వర్టరు, మైక్రోవేవు, ఏసీ బోర్డు ఏది ముందు పోతుందో చెప్పలేం. ఇలాంటివి చూశాను కాబట్టి భయం. ఇక్కడ 121 వచ్చింది, బావుంది.

తర్వాత బ్యాటరీ. ముందు కొక్కెం దగ్గర నల్ల డబ్బాలో ఉంది, మూత తీసి మీటర్ పెడితే 12.1. సరేలే, కాస్త డౌన్ ఉంది అనుకుని మూత పెట్టేశా. నా తప్పు ఇక్కడే మొదలైంది, ఎందుకో కింద చెప్తా.

స్టవ్ మంట చిన్నగా ఉంది, ఫర్నేస్ గ్యాస్‌దే, ఫ్రిజ్ కూడా గ్యాస్ మీద నడుస్తుంది, వాటర్ హీటర్ కూడా గ్యాసే, కాబట్టి గ్యాసే మూలం అనుకున్నా. లాజిక్ వినడానికి బానే ఉంటుంది. సిలిండర్ దగ్గరికెళ్ళి ఎలా తిప్పుతున్నారని అడిగితే ఆయన ఒక్కసారిగా పూర్తిగా తిప్పేసి చూపించాడు. ఈ సిలిండర్ల కనెక్టర్‌లో ఒక సేఫ్టీ ఉంటుంది, గ్యాస్ ఒక్కసారిగా దూసుకొస్తే గొట్టం తెగిందేమో అనుకుని దారి మూసేసి సన్నగా మాత్రమే వదుల్తుంది. అంటే ఆయన తిప్పిన ప్రతిసారీ బండి భయపడి గొంతు నొక్కుకుంటోందన్నమాట. లోపల అన్ని నాబులు కట్టేసి, సిలిండర్ కట్టేసి, ఒక నిమిషం ఆగి, మెల్లగా పావు తిప్పు తిప్పి ఆగి తర్వాత మొత్తం తిప్పాం. స్టవ్ నీలం మంట. ప్రెషర్ కొలిచే మానోమీటర్ పెట్టి చూస్తే 11 అంగుళాల నీటి మట్టం, ఆర్వీ గ్యాస్ ఉండాల్సిన ప్రెషర్ అదే, రెగ్యులేటర్ బావున్నట్టు. లీక్ కూడా చూశాను, సిలిండర్ కట్టేసి ప్రెషర్‌ని ఎనిమిది అంగుళాలకి దించి కూర్చుంటే గీత కదల్లేదు, అయినా అలవాటు కొద్దీ జాయింట్లన్నిటికీ సబ్బునీళ్ళు కొట్టా.

ఒక కంప్లయింట్ పోయింది, హుషారొచ్చింది. ఫర్నేస్ వెయ్యండి అన్నా. ఫ్యాన్ తిరిగింది, గాలి వచ్చింది, వేడి రాలేదు. టిక్ టిక్ అని స్పార్క్ కొట్టే చప్పుడు కూడా లేదు.

ఫర్నేస్ లోపల వరస ఇది. థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఫ్యాన్ తిరుగుతుంది. ఫ్యాన్ గాలికి లోపల చిన్న రేకు ఒకటి వంగి స్విచ్ నొక్కుతుంది, దాన్ని సెయిల్ స్విచ్ అంటారు, తెరచాప లాంటిది. ఫ్యాన్ చాలినంత స్పీడుగా తిరిగితేనే ఆ రేకు వంగుతుంది. అది నొక్కుకుంటేనే బోర్డు గ్యాస్ వాల్వు తెరిచి స్పార్క్ ఇస్తుంది. గాలి లేకుండా మంట వెలిగితే ప్రమాదం కాబట్టి అలా పెట్టారు. స్పార్కే లేదంటే సెయిల్ స్విచ్ దగ్గర ఆగిందని అర్థం. పాత బండ్లలో ఆ రేకుకి కుక్కబొచ్చు, దుమ్ము పట్టి ఇరుక్కోడం మామూలే. నేను నేరుగా ఫర్నేస్ విప్పేశా. గంటన్నర పని. రేకు మీద బొచ్చు ఉంది, నిజంగానే ఉంది, తుడిచా, చేత్తో నొక్కితే క్లిక్ మంది, అంతా బిగించా, మళ్ళీ వేశా. మళ్ళీ చల్లగాలి.

అప్పటిదాకా మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూస్తున్న మావగారు అన్నారు, "అబ్బాయ్, ఆ ఫ్యాను లో వోల్టేజీలో తిరుగుతున్నట్టు లేదూ? మా వైపు ఎండాకాలం సాయంత్రాలు ఫ్యాన్లు ఇట్టాగే మూలుగుతాయి." ఆయన కరెంటాఫీసులో లైన్‌మాన్‌గా చేసి రిటైరయ్యారని అప్పుడు తెలిసింది.

నాకు చెంప మీద కొట్టినట్టైంది. ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతుండగా వెళ్ళి బ్యాటరీ మీద మీటర్ పెడితే 10.6, చూస్తుండగానే 10.5. పొద్దున 12.1 ఎలా చూపించిందంటే రాత్రి అల్లుడుగారు కారు చార్జర్ తగిలించి పొద్దున తీసేశారంట, నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది, బండి గోడ కరెంటుకి పెట్టి ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 13 పైన చూపించాలి, 12.1 అనే నంబరే తప్పు, అది కళ్ళముందు పెట్టుకుని కూడా బానే ఉంది అనుకుని మూత పెట్టేశా.

ఈ ముక్క కొత్తగా ఆర్వీ కొన్నవాళ్ళకి అర్థం కావాలి. బండిలో కరెంట్లు రెండు. గోడ నించొచ్చే 120 వోల్టులు మైక్రోవేవ్‌కి, సాకెట్లకి, ఏసీకి నేరుగా పోతుంది. మిగతావన్నీ, అంటే లైట్లు, పంపు, ఫర్నేస్ ఫ్యాను, ఫ్రిజ్ బోర్డు, వాటర్ హీటర్ బోర్డు, ఇవి బ్యాటరీ మీద నడిచే 12 వోల్టుల సామాన్లు. గోడ కరెంటుని 12 వోల్టులు చేసి బ్యాటరీ నింపుతూ వీటన్నిటికీ అందించేది కన్వర్టరు. ఫ్రిజ్ గ్యాస్ మీద పెట్టినా, కరెంటు మీద పెట్టినా దాని బోర్డుకి మాత్రం 12 వోల్టులు ఉండాల్సిందే, అది పదిన్నర చుట్టుపక్కలకి పడితే బోర్డు చేతులెత్తేసి ఎర్రలైట్ వేస్తుంది. అల్లుడుగారి లెక్క ఏంటంటే మైక్రోవేవ్ తిరుగుతోంది కాబట్టి కరెంటు ఉంది, కాబట్టి ఫ్రిజ్ పాడైంది. ఆ సర్వీస్ సెంటర్‌లో మూడు రోజులు లైన్లో ఉన్న బండికి బ్యాటరీ ఎంతుందో చూసుకున్నారో లేదో నాకు తెలీదు, నేను కూడా చూసీ చూడనట్టు వదిలేసినవాణ్ణే కాబట్టి ఎక్కువ మాట్లాడను.

ఇప్పుడు ప్రశ్న, కన్వర్టరు ఎందుకు ఇవ్వట్లేదు. దాని బ్రేకర్ ఆన్‌లోనే ఉంది, దానికి 120 అందుతోంది, లోపల సన్నగా గుయ్ మంటోంది కూడా. ఈ బండిలో కన్వర్టరు ఫ్యూజు ప్యానెల్లో కలిసి లేదు, విడిగా మంచం కింద అరలో ఉంది. దాని ముఖం మీదే కార్లలో ఉండే రకం బ్లేడు ఫ్యూజులు రెండు ఉంటాయి, వాటి పని ఒకటే, ఎవరైనా బ్యాటరీ తిరగేసి కడితే అవి కాలిపోయి కన్వర్టర్‌ని కాపాడ్డం. లాగి చూస్తే రెండూ నల్లగా మాడి ఉన్నాయి. ఎక్కువ లోడ్ పడి పోయిన ఫ్యూజులో తీగ ఊరికే తెగి ఉంటుంది, ఇవి పేలినట్టున్నాయి.

కొత్తవి రెండు పెట్టా, వ్యాన్‌లో ఎప్పుడూ ఉంటాయి. బ్యాటరీ దగ్గర మీటర్ 12, 12.8, 13.4 అని ఎక్కుతూ పోయింది. ఫర్నేస్ ఫ్యాన్ చప్పుడే మారిపోయింది, పదిహేను సెకన్ల తర్వాత టిక్ టిక్, భుక్. వేడిగాలి. మావగారు అరచెయ్యి పెట్టి చూసి తల ఊపారు, అంతే, ఇంకేం అనలేదు.

ఎవరు తిరగేసి కట్టారు అనేది తేల్చకుండా ఫ్యూజు మార్చి వచ్చేస్తే నెలకి మళ్ళీ ఫోనొస్తుంది. బ్యాటరీ డబ్బా మళ్ళీ విప్పి ఈసారి శ్రద్ధగా చూశా. రెండు లావు వైర్లు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. నల్లదాని చివర ఎవరో ఎర్ర టేపు చుట్టారు, కొత్త టేపు, మెరుస్తోంది. టెర్మినల్ సీసం మీద ఒక పక్క కరిగిన మచ్చ.

కథ ఇప్పుడు అర్థమైంది. ఈ ట్రైలర్లలో 12 వోల్టుల వైరింగ్‌కి నలుపు ప్లస్సు, తెలుపు మైనస్సు. కారులో ఎరుపు ప్లస్సు, నలుపు మైనస్సు. కారు బ్యాటరీలు మార్చిన చెయ్యి నల్లవైరు చూడగానే మైనస్‌కి పెట్టేస్తుంది. పెద్ద మెరుపు వచ్చి ఉంటుంది, గబుక్కున తీసి సరిగ్గా కట్టి, మళ్ళీ మర్చిపోకుండా ఎర్ర టేపు చుట్టారు. కట్టడం సరిచేశారు గానీ కన్వర్టర్ ముఖం మీద రెండు ఫ్యూజులు పోయాయని వాళ్ళకి తెలిసుండదు. బ్యాటరీ చార్జింగ్‌లో ఉంచి, బండి చూపించే రోజు తగిలించారు, ఆ రోజు అన్నీ పనిచేశాయి, నిండు బ్యాటరీ ఒకటి రెండు రోజులు లాగుతుంది కదా. మోసం చేశారా, తెలీక చేశారా అని అల్లుడుగారు నన్ను చాలాసార్లు అడిగారు. ఆ టేపు చూస్తే నాకు తెలీక చేసినట్టే అనిపించింది.

మావగారు అడిగారు, "మన దగ్గర నలుపంటే న్యూట్రల్ కదయ్యా, ఇక్కడ ఇదేంటి?" నిజమే, నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఇంటి వైరింగ్‌లో నల్లవైరు న్యూట్రలే కదా అనుకుని ముట్టుకోబోయాను, ఇక్కడ ఇంటి కరెంటులో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రలు. ట్రైలర్ 12 వోల్టుల్లో ఆ అలవాటునే కొనసాగించి నలుపు ప్లస్సు చేశారు. కారుకొకటి, ఇంటికొకటి, ఊరికొకటి. ఆయన నవ్వి, "మేం స్తంభం మీద రంగు చూసి ఎప్పుడూ ముట్టుకోలేదులే, రంగే ఉండేది కాదు" అన్నారు.

బ్యాటరీ మాత్రం దక్కలేదు. రాత్రంతా చార్జ్ పెట్టి, తీసి, పన్నెండు గంటలు వదిలేసి చూస్తే 12.2. నిండిన బ్యాటరీ 12.6 ఉండాలి. యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ పెడితే ఆరు అరల్లో ఒకటి అడుగున ఉంది. మళ్ళీ మళ్ళీ అడుగంటా దించితే లెడ్ యాసిడ్ బ్యాటరీ అంతే. కొత్తది వేయించా.

ఫ్రిజ్ దగ్గరికొస్తే, కరెంటు మీద పెట్టగానే బోర్డు లేచింది, గ్యాస్ మీద పెడితే మాత్రం వెలిగి, పసుపుపచ్చ మంట వచ్చి, ఆరిపోయింది. బయట గోడకున్న జాలీ తీసి చూస్తే బర్నర్ గొట్టంలో మట్టిగూడు. టెక్సస్‌లో మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు ఎక్కువ, వాటికి ఇలాంటి సన్నగొట్టాలు కనపడితే పండగే. దాని మీద పొగగొట్టం నించి రాలిన తుప్పు. బర్నర్ విప్పి బ్రష్‌తో, గాలితో శుభ్రం చేశా, జెట్‌లో మాత్రం పిన్ను పెట్టకూడదు, ఆ బెజ్జం కొంచెం పెద్దదైనా మంట లెక్క తప్పుతుంది, స్పిరిట్‌లో నానబెట్టి గాలి ఊదడమే. వెనక ట్యూబుల మీద పసుపుపచ్చ పొడి ఉందా, అమ్మోనియా ఘాటు వస్తోందా అని కూడా చూశా, ఆ రెంటిలో ఏది ఉన్నా ఫ్రిజ్ నిజంగా పోయినట్టే, ఆ పొడి లోపలి ద్రావణంలో కలిపే క్రోమేటు, లీక్ ఐతేనే బయటికొస్తుంది. ఇక్కడ రెండూ లేవు.

మావగారికి ఇది మింగుడుపడలేదు. "మంట పెడితే చల్లబడ్డం ఏంటి అబ్బాయ్?" అని. నేను చెప్పగలిగినంత చెప్పా. ఇందులో కంప్రెసర్ లేదు. అమ్మోనియా కలిసిన నీళ్ళని కింద వేడిచేస్తే అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, పైన చల్లారి ద్రవమౌతుంది, ఆ ద్రవం హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి జారి అక్కడ మళ్ళీ ఆవిరౌతూ లోపలి వేడిని లాక్కుంటుంది, తర్వాత నీళ్ళు దాన్ని పీల్చుకుని మళ్ళీ కిందికి తెస్తాయి. కదిలే భాగం ఒక్కటి లేదు, అంతా పల్లానికి పారడమే. 1922లో స్వీడన్‌లో ఇద్దరు స్టూడెంట్లు, ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అనేవాళ్ళు కనిపెట్టారు. పల్లానికి పారే వ్యవహారం కాబట్టే బండి ఒరిగి ఉంటే లోపల ద్రవం ఒకచోట నిలిచిపోయి అక్కడే మరిగి గొట్టం పాడౌతుంది. ఈ బండి నిలబెట్టిన చోటు కూడా ఒక పక్కకి వాలి ఉంది, లెవెల్ పెడితే బుడగ అంచు దాటిపోయింది. చక్రాల కింద చెక్కలు పెట్టించి సరిచేశాం. ఇంకోటి, దీన్ని గంటలో చూసి పోయింది అనకూడదు. గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి రమ్మన్నా, మర్నాడు పొద్దున 38 డిగ్రీల ఫారెన్‌హీట్ అని ఫొటో పంపారు.

రెండో రోజు నీళ్ళ పని. గోరువెచ్చని నీళ్ళ సంగతి రెండు నిమిషాల్లో తేలింది, బండి బయట కాళ్ళు కడుక్కునే షవర్ ఉంటుంది చిన్న తలుపు వెనకాల, దాని చివర బటన్ మూసేసి రెండు నాబులూ తెరిచే ఉంచారు. అప్పుడు చన్నీళ్ళు అక్కడినించి వేడి లైన్లోకి కలిసిపోతాయి, హీటర్ ఎంత కాచినా వంటింట్లో వచ్చేది కలిసిన నీళ్ళే. నాబులు కట్టేస్తే సరి. వాటర్ హీటర్‌లో యానోడ్ రాడ్ కూడా తీసి చూశా, ముందు చల్లారనిచ్చి, ప్రెషర్ వదిలేసి తియ్యాలి లేకపోతే ఒళ్ళు కాల్తుంది. చెరుకు పిప్పిలా నమిలేసినట్టుంది, లోపలి తీగ మాత్రం మిగిలింది. ట్యాంకు బదులు అది తుప్పు తింటుంది, అదైపోతే తర్వాత వంతు ట్యాంకుది. కొత్తది వేశా.

రాత్రి పంపు కొట్టుకునే దెయ్యం మాత్రం పూట పట్టింది. పంపు లైన్లో ప్రెషర్ నిండగానే ఆగుతుంది, ఎక్కడో నీళ్ళు తగ్గితే మళ్ళీ లేస్తుంది. కొళాయిలన్నీ కట్టి ఉన్నా లేస్తోందంటే ఒకటి ఎక్కడో కారుతోంది, లేదా పంపు వాల్వు నించి వెనక్కి ట్యాంకులోకే పోతోంది. అన్ని జాయింట్ల కింద టిష్యూ పేపర్లు పరిచి గంట కూర్చున్నాం, అన్నీ పొడిగానే ఉన్నాయి. అప్పుడు బయట పైపు తగిలించే నోటి దగ్గర మూత తీస్తే చుక్క, కాసేపటికి ఇంకో చుక్క. ఆ నోట్లో వెనక్కి నీళ్ళు రాకుండా ఒక ప్లాస్టిక్ వాల్వు ఉంటుంది, విప్పితే నిలువునా సన్న పగులు. ఇది 2021 ఫిబ్రవరి జ్ఞాపకం అని నా అనుమానం. ఆ వారం టెక్సస్ అంతా గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు, నీళ్ళు వంపని బండ్లలో ఇలాంటి పగుళ్ళు వచ్చాయి, కొన్ని ఏళ్ళ తర్వాత బయటపడుతున్నాయి. ఇరవై డాలర్ల సామాను. దెయ్యం పోయిందని అత్తగారికి చెప్తే ఉప్మా పెట్టారు.

గ్యాస్ వాసన పట్టే అలారం ఒకటి నేల దగ్గర ఉంటుంది, దాని ఫ్యూజు తీసేసి ఉంది. ఎవరు తీశారంటే అల్లుడుగారే, అస్తమానం కూస్తోందని. అది 2014లో బండితో వచ్చినదే, వాటి ఆయుష్షు అయిదు నించి ఏడేళ్ళు, అది కూసింది గ్యాస్ కోసం కాదు, నన్ను మార్చండ్రా అని. పిల్లలు పడుకునే బండి, రాత్రి ఫర్నేస్ వేసుకుని పడుకుంటారు. ఇక్కడ మాత్రం కొంచెం గట్టిగానే మాట్లాడాను. అదీ, కార్బన్ మోనాక్సైడ్ అలారం, రెండూ నా ముందే ఆర్డర్ పెట్టించా.

స్లైడ్ అంటే గోడలోంచి బయటికి జరిగే గది భాగం, దాని మూల దగ్గర నేల మెత్తగా ఉంది, బొటనవేలితో నొక్కితే తెలుస్తుంది. పై అంచు సీలు విడి చాన్నాళ్ళుగా వాన నీళ్ళు దిగాయి. అది నా పని కాదు, వడ్రంగి పని, ఖర్చు కూడా దాందే పెద్దది. ప్రస్తుతానికి సీలు వేసి, వసంతంలో నేల తవ్వించమని చెప్పా. కొనేముందు సాక్సులతో నడిచి చూసుంటే బేరంలో వెయ్యి తగ్గేది.

ఫ్యూజులు, బ్యాటరీ, వాల్వు, యానోడ్, అలారాలు అన్నీ కలిపి సామాన్లు 300 డాలర్ల లోపే ఐంది. నా కూలీలో ఫర్నేస్ అనవసరంగా విప్పిన గంటన్నర వెయ్యలేదు. మావగారికి నా దగ్గరున్న పాత మీటర్ ఒకటి ఇచ్చి, బండి ప్లగ్గులో ఉంటే 13.6 చుట్టుపక్కల ఉండాలి బాబాయ్ గారూ, 13 కిందకొస్తే నాకు ఫోన్ చెయ్యండి అని చెప్పా.

పాలో డ్యూరోలో రెండు రాత్రులూ పూటకోసారి వాట్సాప్‌లో మీటర్ ఫొటో వచ్చింది. 13.6. 13.6. 13.5. తిరిగొచ్చి బండి ఇంటి పక్కన పెట్టిన మూడో రోజు పొద్దున్నే ఆరింటికి ఫోన్.

"అబ్బాయ్, 13.2కి పడిపోయిందయ్యా, మళ్ళీ ఫ్యూజు పోయిందా?"

లేదు బాబాయ్ గారూ, ఒక రోజు పైన ఎవరూ ఏమీ వాడకపోతే కన్వర్టరే తగ్గించుకుంటుంది, బ్యాటరీ నిండి పడుకుంది అన్నా. ఆయన ఒక క్షణం ఆగి, "మరి ఆ మాట ముందే చెప్పొద్దూ, రాత్రంతా నాకు నిద్ర లేదు" అన్నారు.